బంజరులో విడిది, పొలిమేరలో మర్యాద



నేటి ప్రసంగ విషయము చూపునకు చిన్నది. ఊరి వెలుపల సర్కారు బంజరు కలదు. దాని ప్రక్కనే యొక రైతు పట్టాచేను కలదు. దూరమునుండి వచ్చిన మందకాపరి యొకడు తన గొఱ్ఱెలతో ఆ బంజరులో నాలుగు రాత్రులు విడిసినాడు. అతనికి అచట నుండుటకు అధికారము కలదా? చేనిగల రైతునకు అతనిని వెడలగొట్టుటకు అధికారము కలదా? ఈ రెండు ప్రశ్నలకును సరియైన సమాధానము తెలియకపోవుటచేతనే కోతలయిన పిమ్మట పలు ఊళ్లలో తగవులు పుట్టుచున్నవి. తగవు పెరిగినచో అది కచేరి యెక్కును. కచేరి యెక్కిన తగవులో గెలిచినవాడును సగము ఓడినవాడే. కావున పెద్దలు ముందుగానే విషయమెఱిగి యుండుట మేలు.

ఇట్లు విడియువారు మూడు తెగలు. మొదటివారు గొల్లలు, కురుమలు. మేతకై మందలను తోలుకొని ఊరూరు తిరుగువారు. రెండవవారు జాతరలకును పుష్కరములకును పోవు యాత్రికులు. మేడారములో రెండేండ్లకొకసారి జరుగు సమ్మక్క సారలమ్మ జాతరకు పోవు జనము త్రోవ పొడుగునను, అడవియంచులను, కోసిన చేలలోను బండ్లు విప్పి వండుకొందురు. 2015లో గోదావరి పుష్కరములప్పుడు నదీతీరమంతయు విడిదియే అయినది. తిరిగి 2027లో పుష్కరములు రానున్నవి. మూడవవారు క్రొత్తవారు. పట్టణములనుండి యువకులు మోటారుబండ్లపై వచ్చి, గుడ్డ గుడారము వేసికొని, ఏటియొడ్డున ఒక రాత్రి గడిపి పోవుదురు. వీరిలో ఎవరికిని ఆ నేల సొంతము కాదు. అయినను ఒక రాత్రి తలదాచుకొను చోటు వీరందఱికిని కావలెను.

అది ఏ నేల యనునది తెలిసికొనుట ప్రథమ కర్తవ్యము. మన తెలంగాణ పల్లెలలో పట్టా కాని నేలకు పేర్లు పెక్కు. సాగు లేక పడియున్నది బంజరు. పశువుల మేతకు విడిచినది గైరాను; ఈ మాట మరాఠీనుండి వచ్చినది, గోవులు మేయు బయలని దాని భావము. చెఱువు నిండినపుడు మునిగి, ఎండినపుడు బయటపడు నేల శిఖము. దారులు, వాగులు, శ్మశానములు మొదలగునవి శిస్తు లెక్కకు వెలుపలివి గనుక పోరంబోకు. పహాణీలోను పటములోను ఈ భేదము వ్రాసియుండును. కంటికి నాలుగును ఒకే రీతిగా తుమ్మపొదలతో కనబడును. కాని వానిపై చెల్లు నియమములు ఒకటి కావు. శిఖములో వేసవియందు మంద విడియవచ్చును. వానకారులో విడిసినచో మునుగును. శ్మశానములో విడియుట ఊరివారి మనస్సును నొప్పించును. ఇట్లు ప్రతి నేలకును దానిదైన మర్యాద కలదు.

పూర్వులు ఈ విషయమును గూర్చి ఏమనిరో కొంచెము విచారింతము. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయములో గ్రామము చుట్టును నూఱు ధనుస్సుల నేలను మేతకై విడువవలెనని చెప్పబడినది. ధనుస్సు అనగా నాలుగు మూరలు. నూఱు ధనుస్సులు నన్నూఱు మూరలు, అనగా సుమారు ఆఱువందల అడుగులు. పట్టణమునకు దీనికి మూడింతలు. ఆ విడిచిన నేలను ఆనుకొని ఎవడైన కంచె లేని పైరు వేసినచో, పశువులు దానిని మేసినను కాపరిని దండింపరాదని ఆ స్మృతి చెప్పుచున్నది. కంచె యెట్లుండవలెను? ఒంటె తొంగిచూడరానంత ఎత్తుగను, కుక్కయు పందియు మూతి దూర్పరానంత దట్టముగను ఉండవలెనట. యాజ్ఞవల్క్యుడును ఇంచుమించుగా ఇట్లే నిర్ణయించెను.

ఆ కాలపు ధర్మములన్నియు నేడు మనకు ఆదర్శములని నేను చెప్పుటలేదు. కాని ఈ ఒక్క నిర్ణయములో లోకానుభవము కలదు. ఉమ్మడి నేలను ఆనుకొని సేద్యము చేయు రైతు తన చేనికి కంచె వేయవలెను. ఉమ్మడి నేలలో మంద నిలుపు కాపరి కంచె దాటకుండ మందను కాయవలెను. భారము ఇరువురి పైనను మోపబడినది. ఒక్కనిపై మోపినచో ఆ నియమము నిలువదు.

ఇపుడు నేటి చట్టమునకు వత్తము. ఇందు మూడు మాటలను వేరువేరుగా గ్రహింపవలెను: అనుమతి, హక్కు, ఆక్రమణ. సర్కారు బంజరులో ఒకడు మంద నిలుపుకొని, మఱునాడు లేచిపోవునపుడు ఎవరును అడ్డు చెప్పనిచో, అది ఓర్పుతో సాగనిచ్చిన అనుమతి. అనుమతితో పదేండ్లు వచ్చినను నేల అతనిది కాదు. 1882 నాటి అనుభవహక్కుల చట్టము అనుమతికిని హక్కునకును గల ఈ భేదమును స్పష్టముగా చూపినది. కావున ‘నేడు గుడారము వేసినవాడు రేపు పట్టా అడుగును’ అను రైతుల భయము చాలవఱకు నిరాధారము. రాత్రి విడిసి ప్రొద్దున లేచిపోవువాడు ఆక్రమించువాడు కాడు. గుంజ పాతి, గోడ పెట్టి, దున్ని, తనదని చెప్పువాడే ఆక్రమించువాడు. అట్టివానిని తొలగించుటకు 1905 నాటి భూ ఆక్రమణ చట్టము కలదు. అయినను ముందుగా తాఖీదు ఇచ్చి, అతడు చెప్పుకొనునది విని, ఆ పిమ్మటనే తొలగింపవలెను. తొలగించు అధికారము రెవెన్యూ అధికారులది. ప్రక్కచేని రైతునకు ఆ అధికారము లేదు. సర్కారు బంజరునుండి కాపరిని కఱ్ఱతో తరుమువాడు, తనది కాని నేలకు తాను యజమానుడైనట్లు ప్రవర్తించుచున్నాడు.

అట్లే కాపరియు ఎఱుగవలసినది కలదు. సర్కారు నేలలో లభించు ఓర్పు పట్టానేలకు ప్రాకదు. చేనిగట్టు దాటి లోపల విడియుటకు యజమానుని మాట కావలెను. చేనిలోనికి పోయి బెదరించుట, కలహమునకు కాలుదువ్వుట దండనకు పాత్రమగు నేరము. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయు దీనిని నేరముగనే పరిగణించుచున్నది. అడవి నేల సంగతి వేఱు. అచట అటవీశాఖవారి నియమములు కలవు. నిప్పు విడుచుట, కొమ్మలు నఱకుట శిక్షార్హము. అయినను 2006 నాటి అటవీ హక్కుల చట్టము, ఋతువును బట్టి వచ్చిపోవు పశుపాలకుల మేత హక్కులను కూడ గుర్తింపదగిన హక్కులలో చేర్చినది. ఆ హక్కు కోరువారు గ్రామసభ ద్వారమున కోరవలెను.

ఉమ్మడి నేలను గూర్చి సుప్రీముకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్‌సింగ్ వ్యాజ్యములో చెప్పిన తీర్పు గ్రామపెద్దలు తప్పక తెలిసికొనదగినది. పంజాబులో ఒక ఊరి చెఱువును పూడ్చి కొందఱు ఇండ్లు కట్టుకొనిరి. ఆ ఆక్రమణ చెల్లదని చెప్పుటయే కాక, దేశములోని రాష్ట్రములన్నియు గ్రామముల ఉమ్మడి భూములనుండి అక్రమముగా చేరినవారిని తొలగించు ఉపాయములు సిద్ధపఱచి, ఆ భూములను గ్రామస్థుల ఉమ్మడి వాడుకకు తిరిగి అప్పగింపవలెనని న్యాయస్థానము ఆదేశించినది. దీనినిబట్టి ఉమ్మడి నేలకు నిజమైన అపాయము ఎవరివలన కలుగునో గ్రహింపవచ్చును. నాలుగు రాత్రులుండి పోవు కాపరి గైరానును తఱుగనీయడు. ఏటికొక గట్టు ముందుకు జరుపుకొను పొరుగు పట్టాదారుడే దానిని తఱుగజేయును. మంద నిలుచుటకు చోటు లేక పట్టాచేలలో పడుచున్నదన్నచో, ఆ చోటు ఏమైనదని పెద్దలు ముందుగా విచారింపవలెను.

మంద ఊరికి భారమని తలచువారు దాని లాభమును గూడ లెక్కింపవలెను. కోతలయిన చేలలో మంద పెట్టించుకొనుట మన రైతులకు తరతరముల ఆచారము. కాపరి తడికలతో దొడ్డి కట్టి, ఒక రాత్రి యొకచోట, మఱునాటి రాత్రి దాని ప్రక్కచోట మందను నిలుపును. పగటివేళ మంద బంజరులో మేయును. రాత్రివేళ చేనిలో పెంటికలు రాల్చును. ఆవుపేడకంటె గొఱ్ఱె పెంటికలలో నత్రజని యెక్కువ. మూత్రము నేరుగా మట్టిలో ఇంకును గనుక, దిబ్బపై ఎండి పాడగు ఎరువువలె సారము వ్యర్థము కాదు. బండ్లకెత్తుట, చల్లుట యను కూలి లేదు. ఇందులకు రైతు కాపరికి ధాన్యమో సొమ్మో ఇచ్చును. ఆలోచింపుడు: బంజరులో మేతయు విడిదియు లేనిచో మంద ఆ ఊరికి రాదు, మంద రానిచో చేనికి ఆ ఎరువు లేదు. బంజరును చేనును ముడివేయు త్రాడు కాపరియే.

2019 నాటి పశుగణనలో తెలంగాణలో గొఱ్ఱెలు సుమారు ఒక కోటి తొంబది లక్షలుగా తేలినవి; దేశములోని రాష్ట్రములలో మనది మొదటి స్థానము. 2017లో సర్కారు గొఱ్ఱెల పంపిణీ పథకమును ఆరంభించి, ఇరువది గొఱ్ఱెలకు ఒక పొట్టేలు చొప్పున, వెలలో నూటికి డెబ్బదియైదు వంతులు తాను భరించి, కాపరులకు ఇచ్చినది. గొఱ్ఱెలను కొని యియ్యవచ్చును గాని మేతబయళ్లను కొని యియ్యలేము. ఐక్యరాజ్యసమితి 2026వ సంవత్సరమును మేతబయళ్లకును పశుపాలకులకును సంబంధించిన అంతర్జాతీయ సంవత్సరముగా ప్రకటించినది. అనగా ఈ చిక్కు మన ఊరికే పరిమితము కాదు.

ఇతర దేశములవారు దీనిని ఎట్లు చక్కబెట్టుకొనిరి? అమెరికాలో పడమటి ఎడారి సీమలయందు సర్కారు బయళ్లు విస్తారముగా కలవు. 1946లో ఏర్పడిన భూనిర్వహణ శాఖ సుమారు ఇరువదినాలుగున్నర కోట్ల ఎకరములను పాలించుచున్నది. అందు చాలచోట్ల బాటసారి రుసుము లేకయే గుడారము వేసికొనవచ్చును. కాని ఇరువదియెనిమిది దినములలో పదునాలుగు దినములకు మించి ఒకేచోట ఉండరాదని సామాన్య నియమము. సర్కారు బయలును పట్టా నేలయు చదరంగపు గళ్లవలె కలిసియున్న తావులందు, పటము చూచి హద్దు తెలిసికొను భారము బాటసారిదే. నార్వేలో 1957 నాటి చట్టము సాగు లేని బయలులో ఎవరైనను విడియవచ్చునని చెప్పుచు, మనుష్యులు కాపురముండు ఇంటికి నూటయేబది మీటర్ల లోపల గుడారము వేయరాదనియు, అనుమతి లేక రెండు దినములకు మించి ఉండరాదనియు విధించినది. స్పెయిను దేశములో 1273లో రాజు గొఱ్ఱెలకాపరుల సంఘమును గుర్తించి మందల దారులకు రక్షణ కల్పించెను. వానిలో పెద్ద దారుల వెడల్పు సుమారు డెబ్బదియైదు మీటర్లు. 1995లో ఆ దేశము ఆ దారులు ప్రజల ఆస్తియని మఱల చట్టము చేసినది. నేటికిని ఏడాదికొకమారు రాజధానియగు మాడ్రిడ్ నగరవీధులలో గొఱ్ఱెల మందలు నడచి తమ దారిహక్కును నగరమునకు జ్ఞాపకము చేయును.

ఈ దేశములన్నిటిలోను నియమము మూడు కొలతలపై నిలిచియున్నది: ఎంత దూరము, ఎన్ని దినములు, ఏమి మిగిల్చి పోవుట. ఇంటికి చేనికి ఎంత యెడముగా విడియవలెను? ఎన్ని రాత్రులు ఉండవలెను? పోవునపుడు అచట ఏమి మిగులవలెను? చివరి ప్రశ్నకు అందఱి సమాధానమును ఒక్కటియే. ఏమియు మిగులరాదు.

ఇక మన రామగుండము ప్రాంతమునకు ప్రత్యేకమైన మాట యొకటి కలదు. ఇచట ఖాళీగా కనబడు నేలయంతయు ఖాళీ నేల కాదు. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలైనది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అను పేరు వచ్చినది. 1960 తరువాతి దశకములో రామగుండము, గోదావరిఖని వైపున గనులు తెఱువబడినవి. ఈ అఱువది యేండ్లలో భూమికి లోపల ఎంత త్రవ్వబడినదో పైన నిలుచువానికి కనబడదు. సంస్థ సేకరించిన నేల బంజరువలె కనబడినను అది బంజరు కాదు, గైరానును కాదు. అనుమతి లేనిదే అందు విడియరాదు. ఇది కేవలము హక్కుల మాట కాదు, ప్రాణముల మాట.

కారణములు వినుడు. బొగ్గు తీసిన భూగర్భ గనులపైన నేల క్రుంగుట కలదు. పగుళ్లు, గుంతలు పడును. ఉపరితల గనుల అంచులు నిలువుగా కోసినట్లుండును. చీకటిలో గొఱ్ఱె జారినచో కాపరియు దాని వెంట జారును. గనినుండి తీసి పోసిన మట్టిగుట్టలు వానకు జారును. ప్రేలుడు జరుగువేళ రాళ్లు దూరముగా ఎగిరిపడును. విడిచిన బొగ్గుకుప్పలు పైకి చల్లగా కనబడినను లోపల తామే వేడెక్కి రాజుకొనుచుండును. అన్నిటికంటె మోసకరమైనది మఱొకటి కలదు. చలిరాత్రి గుడారములోపల బొగ్గుల కుంపటి పెట్టి గుడ్డ మూసికొని నిద్రించుట. గాలి చాలక బొగ్గు మండునపుడు పుట్టు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించువాడు నిద్రలోనే పోవును. బొగ్గు సులభముగా దొరకు ఈ సీమలో ఈ మాట ప్రతి యింటను చెప్పవలెను.

గోదావరి సంగతియు ఇట్టిదే. వేసవిలో ఇసుకతిన్నె మెత్తగా, చల్లగా, ఎవ్వరిదియు కానట్లు కనబడును. కాని మనకు ఎగువను ఎల్లంపల్లి వద్ద శ్రీపాద జలాశయము కలదు. దాని నిలువ సుమారు ఇరువది శతకోటి ఘనపుటడుగులు. ఎగువ వానలకు తలుపులెత్తినచో, ఇచట చినుకు లేకున్నను నీరు పెరుగును. కావున తిన్నెపై పగలు కూర్చుండవచ్చును గాని రాత్రి నిద్రింపరాదు. గట్టుమీదనే విడియవలెను.

చెప్పినదానిని ఆచరణలో పెట్టు విధమును సంగ్రహముగా మనవిచేయుదును. పంటకాలము ముగియకముందే గ్రామసభలో పెద్దలు కూర్చుండి, పహాణీయు పటమును ముందుంచుకొని, మందలకును బాటసారులకును విడిదిగా తగిన చోటు ఏదో గుర్తింపవలెను. హద్దు సందేహమైనచో తహసీలుదారును కోరి కొలిపింపవలెను. ఆ చోట నాలుగు మూలల రాళ్లు నాటి సున్నము పూసినచో కాపరికిని రైతునకును రాత్రివేళ కూడ హద్దు తెలియును. త్రాగునీటి బావికిని విడిదికిని ఎడముంచవలెను. మందకు వేఱుగ తొట్టి యేర్పఱుపవలెను. మంద ఎన్ని రాత్రులుండునో వచ్చిననాడే మాట చేసికొనవలెను. నిప్పు పెట్టు చోటు చుట్టును గడ్డి చెక్కివేసి, లేచిపోవునపుడు నీరు పోసి చల్లార్పవలెను. పట్టణమునుండి వచ్చు యువకులకును ఇదే నియమము; వారు విడుచు గాజుసీసాలు గొఱ్ఱె గిట్టను కోయును, ప్లాస్టిక్ సంచులు ఆవు కడుపులో చేరును.

ఇన్ని చేసినను ఒకనాడు మంద చేనిలో పడును. అపుడేమి చేయవలెను? పూర్వము బందెలదొడ్డి యుండెడిది. బ్రిటిషు ఇండియాలో 1871లో చేసిన పశువుల చొరబాటు చట్టము, పైరు మేసిన పశువును రైతు పట్టి ఇరువదినాలుగు గంటలలోపల దొడ్డికి పంపవలెనని చెప్పినది. అందలి వివేకమును చూడుడు. రైతు కోపము చల్లాఱువఱకు పశువు మూడవవాని చేతిలో నుండును. కొట్టుటకును చంపుటకును ఎడమియ్యలేదు. మనమును అట్లే చేయుదము. నష్టమైన చేనిని ఇద్దఱు మధ్యస్థులు ఆ దినమే చూచి వెల కట్టవలెను. కాపరి సొమ్ముగానో, అన్ని రాత్రులు ఆ చేనిలో ఉచితముగా మంద పెట్టియో తీర్చవలెను. రెండవ పద్ధతి ఇరువురకును మేలు: కాపరి చేతినుండి రొక్కము పోదు, రైతునకు మఱుసటి పంటకు ఎరువు దక్కును.

కాపరులు మనకు పరాయివారు కారు. కొమురవెల్లి మల్లన్న కథను ఒగ్గు డోలుతో మన ముంగిళ్లలో పాడువారు వారి కులదైవమునే పాడుచున్నారు. చలికాలములో మన భుజముపైనుండు నల్ల గొంగడి దక్కను గొఱ్ఱె బొచ్చు. వారి మంద ఒకచోట నిలిచినచో మేత తీరిపోవును. కదలినచో గడ్డికి మరల మొలచు వ్యవధి దొరకును. కదలుట వారి వృత్తి. కదలువానికి రాత్రి నిలుచు చోటు లేనినాడు ఆ వృత్తి లేదు.

గైరాను పోయిన ఊరిలో నష్టపడువాడు కాపరి యొక్కడే కాడు. ఆ ఊరిలోని భూమిలేని పేదవాని ఆవునకు మేత పోయినది, పెండ్లిబండ్లు విప్పు చోటు పోయినది, బడిపిల్లలు ఆడుకొను బయలు పోయినది. కావున ఈ ప్రసంగము విన్న పెద్దలు రాబోవు గ్రామసభలో ఒక్క ప్రశ్న అడుగవలెనని నా ప్రార్థన: మన ఊరి లెక్కలో గైరాను, బంజరు, శిఖము ఎన్ని ఎకరములు వ్రాసియున్నవి? నేలమీద ఎన్ని ఎకరములు మిగిలియున్నవి? ఆ రెండంకెలకు గల భేదము తెలిసిననాడు, కాపరిపై కఱ్ఱ ఎత్తవలెనా, హద్దురాళ్లు సరిచూడవలెనా యనునది మీకే తేటపడును.